గంధకం నుంచి గుళిక దాకా

సంస్కృతంలో గంధకానికి ఉన్న పేర్లలో ఒకటి పామారి. పామ అంటే గజ్జి, అరి అంటే శత్రువు. ఒక ఖనిజానికి అది కుదిర్చే రోగం పేరే స్థిరపడిందంటే ఆ మందుకూ ఆ రోగానికీ ఉన్న పరిచయం ఎంత పాతదో ఊహించవచ్చు. చరకుడు చర్మవ్యాధులను 18 కుష్ఠాలుగా లెక్కకట్టి, అందులో 11 క్షుద్రకుష్ఠాల్లో పామను చేర్చాడు. మన పల్లెలు దాన్ని గజ్జి అన్నాయి, చిడుము అన్నాయి. గంధకం మెత్తగా నూరి కొబ్బరినూనెలోనో కానుగనూనెలోనో కలిపి, పిల్లల్ని ఎండలో నిలబెట్టి ఒళ్లంతా పట్టించి, వేపాకు కాచిన నీళ్లు పోయడం మన తాతమ్మల వైద్యం. పసుపూ వేపాకూ కలిపి నూరిన ముద్ద, కుప్పింటాకు పసరు దానికి తోడు. అటు రోమునగరంలో, ఒకటో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రంథకర్త కూడా గంధకాన్ని తారుతో కలిపి పూయమని రాశాడు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో చెప్పలేం గానీ, ఆ పచ్చటి పొడి దగ్గరికే రెండు నాగరికతలూ చేరాయి.

అయితే పైపూత ఒక్కటే చాలునని ఆ రోజుల్లో ఏ వైద్యుడూ నమ్మలేదు. చర్మం మీద కనిపించేది లోపలి దోషమే పైకి పొంగడమని మన వైద్యమూ అన్నది, గ్రీకు వైద్యమూ అన్నది. ఇక్కడ రక్తశుద్ధికి కషాయాలు తాగించారు, భేదికి మందిచ్చారు. అక్కడ నెత్తురు తీశారు, పిత్తం విరగడానికి పసర్లు పట్టించారు. కాబట్టి గజ్జికి పూతమందా, మింగేమందా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. ఒక్కో యుగం ఒక్కో వైపు మొగ్గింది, ఒక్కోసారి సరైన కారణంతో, ఒక్కోసారి తప్పుడు కారణంతో. ఆ మొగ్గుల చరిత్ర తెలిస్తేనే ఇవాళ డాక్టరు చీటీలో క్రీమూ మాత్రా పక్కపక్కన ఎందుకుంటున్నాయో అర్థమవుతుంది.

రోగకారణం మనిషి కంటికి చిక్కింది మాత్రం ఇటలీలోని లివోర్నో రేవులో. 1687లో జొవాన్ కోసిమో బొనోమో అనే వైద్యుడు, డియాచింతో చెస్తోని అనే మందుల వ్యాపారి కలిసి సూక్ష్మదర్శిని కింద గజ్జి పురుగును చూశారు. తాబేలు ఆకారంలో తెల్లగా ఉన్న ఆ ప్రాణి గుడ్డు పెట్టడం కూడా చూసి, ఫ్రాంచెస్కో రెడీ అనే పండితుడికి లేఖగా రాశారు. వారికి దారి చూపింది పుస్తకాలు కావు. పేదింటి తల్లులు పిల్లల చేతుల్లోంచి, ఓడల్లో తెడ్లు వేసే బానిసలు ఒకరి చేతుల్లోంచి ఒకరు సూదిమొనతో ఏదో తీసి గోటి మీద చిదుముతూ ఉండేవారు, మన అరుగుల మీద పేలు చూసుకున్నట్టే. అంతకు ముందు అరబ్బు వైద్యుల్లో పదో శతాబ్దపు తబరీ, పన్నెండో శతాబ్దపు ఇబ్న్ జుహర్ ఆ జీవిని ప్రస్తావించకపోలేదు. కానీ ఆ జీవే రోగానికి మూలమని నిలబెట్టి చెప్పిన మొదటివారు ఈ ఇద్దరే. ఫలానా సూక్ష్మప్రాణి వల్లనే ఫలానా రోగం వస్తుందని మనిషి నిరూపించుకున్న తొలి ఘట్టాల్లో ఇదొకటి. బొనోమో మరో అడుగు వేసి, పురుగు చర్మంలో ఉంటే లోపలికి మందు పోసి లాభమేమిటన్నాడు. స్నానాలూ గంధకపు పూతలే కుదురుస్తాయి తప్ప మింగే మందులు పనికిరావని తేల్చాడు. ఆ నాటికి అది నూటికి నూరు పాళ్లూ నిజం.

నిజం ఒకసారి తెలిస్తే నిలిచిపోతుందని మనం అనుకుంటాం. గజ్జి విషయంలో అలా జరగలేదు. పోపు వైద్యుడు లాంచీసీ వంటి పెద్దలు ఒప్పుకోకపోవడంతో బొనోమో లేఖ మరుగున పడింది. నూటయాభై ఏళ్ల పాటు యూరప్ మళ్లీ చెడు రసాల మీదనే నెపం వేసింది. 1812లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో గాలెస్ అనే యువకుడు పురుగును కనుగొన్నానని ప్రకటించి పేరు సంపాదించాడు. అతను బొమ్మ గీసి చూపింది జున్నులో పుట్టే పురుగునని తర్వాత బయటపడింది. దాంతో అసలు పురుగే లేదన్న వాదానికి బలం చేకూరింది. చివరికి 1834 ఆగస్టులో, అదే ఆసుపత్రిలో, కోర్సికా ద్వీపం నుంచి వచ్చిన రెనూచీ అనే విద్యార్థి అందరి ఎదుటా ఒక రోగి చేతి మీది సొరంగం కొసను సూదితో కదిపి పురుగును బయటికి తీశాడు. ఆ నేర్పు అతనికి ఏ ఆచార్యుడూ చెప్పలేదు, తన ద్వీపంలో పేద స్త్రీలు చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు. ఆడవాళ్ల చేతి సూదికి వైద్యశాస్త్రం ఒకసారి కాదు, రెండుసార్లు రుణపడింది. చరిత్ర పుస్తకాల్లో వారి పేర్లు లేవు, అందుకే ఇక్కడ ఆగి వారిని తలచుకోవడం న్యాయం అనిపిస్తుంది. ఆ తర్వాత పదేళ్లకు వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా పురుగులను తన ఒంటికే ఎక్కించుకుని, 1844లో సందేహాలన్నిటికీ తెరదించాడు.

పురుగు ఖాయమయ్యాక పూతమందుకు ఎదురే లేకుండా పోయింది. గంధకాన్నీ పొటాషియం కార్బొనేట్‌నూ కొవ్వులో కలిపిన హెల్మెరిచ్ మలాము యూరప్ అంతటా వ్యాపించింది. 1850 ప్రాంతంలో సెయింట్ లూయీలోనే బాజాన్, ఆర్డీ అనే ఇద్దరు వైద్యులు ఒక చిన్న మార్పు చేశారు. నాకు మటుకు ఈ మొత్తం కథలో అదే అతి పెద్ద మలుపు. పొక్కులున్నచోటనే పూయడం మాని మెడ నుంచి పాదాల దాకా ఒళ్లంతా రుద్దాలన్నాడు బాజాన్. రోజుల తరబడి మంచంలో ఉంచక్కర్లేదు, సబ్బుతో రుద్ది, స్నానం చేయించి, మలాము పట్టిస్తే రెండు గంటల్లో ఇంటికి పంపవచ్చునన్నాడు ఆర్డీ. మందు అదే, పద్ధతి మారింది. కనిపించేచోటే కాదు, కనిపించనిచోట కూడా పురుగుంటుందన్న ఎరుక అక్కడ మొదలైంది. పూతమందుల బలం, బలహీనత రెండూ ఆ ఒక్క సూత్రంలోనే ఉన్నాయి. ఒక్క గోటి సందు వదిలేసినా శ్రమంతా వృథా.

ఇరవయ్యో శతాబ్దంలో గంధకపు కంపుకూ మరకలకూ విసిగిన వైద్యులకు బెంజైల్ బెంజోయేట్ దొరికింది. 1937లో కోపెన్‌హాగన్ వైద్యుడు కిస్‌మయర్ దాని లోషన్‌తో త్వరితంగా నయం చేయవచ్చునని ప్రకటించాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలై బ్రిటన్ సైన్యంలో గజ్జి ప్రబలినప్పుడు, కెన్నెత్ మెలన్‌బీ అనే కీటకశాస్త్రజ్ఞుడు 1941లో షెఫీల్డ్‌లో చేపట్టిన పరిశోధన ఇవాళ్టి మన జ్ఞానానికి పునాది. ఆయనకు సాయపడింది ఆయుధం పట్టమని నిరాకరించిన శాంతివాదులు. గజ్జి సోకిన సైనికుల దుప్పట్లలోనే ఒంటి మీద బట్ట లేకుండా రాత్రుళ్లు పడుకున్నారు, వాళ్లు విడిచిన లోదుస్తులు తొడుక్కున్నారు. అంత చేసినా సోకింది ఏ ఒకరిద్దరికో. రోగి పక్కన చర్మానికి చర్మం తగిలేలా పడుకున్నప్పుడు మాత్రం సులువుగా అంటుకుంది. ప్రభుత్వం అప్పటిదాకా దుప్పట్లను ఆవిరి పెట్టడానికి పోసిన డబ్బంతా వృథా అని తేలిపోయింది. పెద్దవారి ఒంటి మీద సగటున ఉండేది దాదాపు పదకొండు ఆడ పురుగులేనని కూడా ఆయనే లెక్కించాడు. పిడికెడు పురుగులు కూడా కావు, అయినా మనిషికి రాత్రి నిద్ర లేదు. కారణం పురుగు కరవడం కాదు, దాని మలానికీ గుడ్లకూ మన శరీరం చూపే అలెర్జీ.

మెలన్‌బీ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన సంగతి మరొకటుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నెల, నెలన్నర పడుతుంది. రెండోసారి సోకితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. అంటే ఇంట్లో ఒకరు గోక్కుంటున్నారంటే, గోక్కోనివారిలో కూడా పురుగు సంసారం పెట్టి ఉండవచ్చు. రోగం ఒక ఒంటిది కాదు, ఒక ఇంటిది. ఆ తర్వాత వచ్చిన ప్రతి మందునూ నేను ఈ కొలబద్దతోనే చూస్తాను.

మా తరానికి గుర్తున్న పెద్దాసుపత్రి సీసాలోని పాల వంటి తెల్ల మందు ఆ బెంజైల్ బెంజోయేటే. గోకి గోకి పుండైన చోట అది తగిలితే పిల్లలు పెట్టే కేకలు వీధి చివరి దాకా వినిపించేవి. హాస్టళ్లలో ఒకే చాప మీద నలుగురు పడుకునే రోజుల్లో ఒకరికి పూస్తే ముగ్గురికి మిగిలేది, వారం తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చేది. మందు చేతకానిదని నింద పడింది గానీ తప్పు మందుది కాదు, ముగ్గురిని వదిలేసిన పద్ధతిది. మంట లేని మందు కోసం వెతుకులాటలో గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ వచ్చింది. లిండేన్ అన్నా అదే. చీమల మీద చల్లే గమాక్సిన్ పొడిలో ఉన్నదీ, పొలాల్లో కొట్టినదీ ఈ రసాయనమే. వాసన లేదు, మంట లేదు, ఒక్క రాత్రి చాలు. దశాబ్దాలు రాజ్యం ఏలింది. కానీ చర్మంలోంచి ఇంకి నరాలను తాకే గుణం దానికుంది. పసిపిల్లల్లో, పుండ్లున్న చర్మం మీద ఎక్కువగా వాడినచోట మూర్ఛలు వచ్చాయి. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని డబ్బా మీద తీవ్రమైన హెచ్చరిక వేయించింది. 2009లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చి, పేలకూ గజ్జికీ మాత్రం కొంత మినహాయింపునిచ్చింది. పైకి పూసేది గనుక ప్రమాదం ఉండదన్న నమ్మకాన్ని లిండేన్ వమ్ము చేసింది.

దాని స్థానాన్ని పర్మెత్రిన్ ఆక్రమించింది. ఒక రకం చామంతి పూలలోని పైరెత్రమ్‌కు కీటకాలను చంపే గుణముంది, కానీ ఎండ తగిలితే అది విరిగిపోతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో మైకేల్ ఎలియట్ బృందం 1973లో ఎండకు తట్టుకునే రూపాన్ని తయారుచేసింది. దోమతెరలకు పట్టించేదీ, పైర్లకు కొట్టేదీ, 1989లో అమెరికాలో 5 శాతం క్రీముగా గజ్జికి అనుమతి పొందినదీ ఈ పర్మెత్రినే. పురుగు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వక దాన్ని చచ్చుబడేస్తుంది, మనిషి ఒంట్లోకి ఇంకేది చాలా తక్కువ, ఇంకినదీ త్వరగా విరిగిపోతుంది. రెండు నెలలు నిండిన బిడ్డకూ పూయవచ్చు. రాత్రి మెడ కింది నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు చుట్టూ, మర్మావయవాల మీద వదలకుండా రాసి, ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి కడగాలి, వారం పది రోజులకు మరోసారి రాయాలి. పసివాళ్లకు తలా ముఖమూ కూడా. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ పూయాలి, ఎక్కువమంది మరచేది ఇదే. ఒక ఒంటికి ఇంతకంటే మంచి పూతమందు ఇప్పటికీ రాలేదు.

ఇంతలో, మింగే మందులు పనికిరావన్న బొనోమో తీర్పును తిరగరాసే మందు జపాన్ మట్టిలోంచి వచ్చింది. కితాసాతో సంస్థకు చెందిన సతోషి ఒమురా 1970ల్లో ఇటో పట్టణం దగ్గరి కవానాలో ఒక గోల్ఫ్ మైదానం సమీపంలో సేకరించిన మట్టిలో ఒక కొత్త స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి ఉంది. అమెరికాలో మెర్క్ సంస్థలోని విలియం క్యాంప్‌బెల్ దాని నుంచి ఐవర్‌మెక్టిన్‌ను సాధించాడు. 1981 నుంచి పశువులకు వాడారు. 1987లో ఆఫ్రికాలో నదీతీరపు అంధత్వానికి ఆ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. ఈ కృషికే 2015లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. దీనికి మనవైపు నుంచి ఒక ముడి ఉంది. అంతకు ముందు ఆ కంటిరోగానికి వాడిన మింగే మందు డైఈథైల్ కార్బమజీన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల ప్రపంచానికిచ్చింది. బోదకాలు పురుగు మీద అది దివ్యంగా పనిచేసింది, నదీ అంధత్వంలో మాత్రం తీవ్రమైన ప్రతిచర్యలు తెచ్చింది. ఆ ఖాళీని ఐవర్‌మెక్టిన్ నింపింది.

నులిపురుగులను, పశువుల చర్మపు పురుగులను చంపే మందు మనిషి గజ్జిని ఎందుకు చంపదన్న ఆలోచన 1990ల్లో ఫలించింది. 1993లో మెక్సికోలో, 1995లో అమెరికాలో వెలువడిన అధ్యయనాలు కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల మోతాదు నప్పుతుందని చూపాయి. 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములన్నమాట. నోట్లో వేసుకున్న మందు నెత్తురులో కలిసి చర్మపు పొరకు చేరి, అక్కడ సొరంగం తవ్వుకుంటున్న పురుగుకు పక్షవాతం తెస్తుంది. లోపలి మందుతో చర్మం బాగవుతుందన్న పాత వైద్యుల కోరిక అలా నెరవేరింది, వాళ్లు చెప్పిన కారణంతో మాత్రం కాదు.

కానీ ఐవర్‌మెక్టిన్ గుడ్లను చంపలేదు. ఆడ పురుగు రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు రోజుల్లో అవి పిల్లలవుతాయి. అప్పటికి మందు ఒంట్లో మిగలదు. అందుకే వారం నుంచి రెండు వారాల్లోపు రెండో మోతాదు తప్పనిసరి. మన దేశంలో ఉషా, గోపాలకృష్ణన్ నాయర్ 85 మంది రోగులతో చేసి 2000లో ప్రచురించిన పోలిక ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. పర్మెత్రిన్ ఒక్కసారి పూస్తే 97.8 శాతం మందికి నయమైంది, ఐవర్‌మెక్టిన్ ఒక్కసారి మింగితే 70 శాతానికే. రెండు వారాలకు రెండో మోతాదు ఇచ్చాక అది 95 శాతానికి చేరింది. అప్పటి నుంచి వచ్చిన అధ్యయనాలను కలిపి తూచిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: మొదటి వారంలో క్రీముకు కాస్త మొగ్గు, ఆ తర్వాత రెంటికీ పెద్ద తేడా లేదు.

ఒక ఒంటి మీద క్రీముదే పైచేయి, లేదా సమఉజ్జీ. ఊరి మీద కథ వేరు. పనామాలోని శాన్ బ్లాస్ దీవుల్లో ఒక ద్వీపంలోని కూనా ఆదివాసులందరికీ 1980ల చివర పర్మెత్రిన్ పూయిస్తే 33 శాతం ఉన్న గజ్జి ఒక శాతం లోపుకు దిగింది. 1989 డిసెంబరులో అమెరికా దండయాత్ర వల్ల సరఫరా తెగిపోగానే మళ్లీ తలెత్తింది. సోలమన్ దీవుల్లో 1997 నుంచి మూడేళ్ల పాటు ఐవర్‌మెక్టిన్ మాత్రలతో చేసిన ప్రయత్నంలో పిల్లల్లో 25 శాతం నుంచి ఒక శాతం లోపుకు పడిపోయింది. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి తూచింది ఫిజీ. 2012లో మూడు ద్వీప సమూహాల్లో 2051 మందిని తీసుకుని, ఒకచోట రోగులకూ వారి ఇంటివారికీ మామూలు చికిత్స, ఒకచోట అందరికీ పర్మెత్రిన్, ఒకచోట అందరికీ ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మామూలు చికిత్స ఉన్నచోట 36.6 శాతం నుంచి 18.8కి, క్రీమున్నచోట 41.7 నుంచి 15.8కి, మాత్ర ఉన్నచోట 32.1 నుంచి 1.9 శాతానికి తగ్గింది. క్రీము డబ్బా ఇంటికి పోయాక ఏ మూల పూశారో, ఎంతసేపుంచారో, ముసలమ్మ వీపుకు ఎవరు రాశారో ఎవరికి తెలుసు? మాత్ర మాత్రం ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే గొంతు దిగుతుంది. షెఫీల్డ్‌లో మెలన్‌బీ చెప్పిన ఇంటి సూత్రాన్ని ఊరంతటికీ విస్తరించగలిగింది ఆ సౌలభ్యమే. గజ్జితో పాటు చీము పొక్కులూ తగ్గాయి. ఆ పొక్కుల్లో చేరే స్ట్రెప్టోకాకస్ పిల్లల మూత్రపిండాలను వాపెక్కిస్తుంది గనుక ఈ ఫలితం దురద తీరడం కంటే పెద్దది.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది, 2019లో ఐవర్‌మెక్టిన్‌ను గజ్జికి అత్యావశ్యక ఔషధంగా గుర్తించింది. ఏ క్షణాన చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా ఈ బాధలో ఉంటారని దాని అంచనా. మన దేశంలో 2018 చివరి నుంచి బోదకాలు నిర్మూలనకు ఎంచుకున్న జిల్లాల్లో ఇస్తున్న మూడు మందుల్లో సుబ్బారావు మందూ ఒమురా మందూ ఒకే అరచేతిలో పడుతున్నాయి. ఏనుగు పాదం కోసం మింగిన ఆ మాత్ర దారిలో గజ్జి పురుగును కూడా పడగొడుతుంది. కోవిడ్ రోజుల్లో ఇదే ఐవర్‌మెక్టిన్‌ను దానికి సంబంధం లేని రోగానికి జనం ఎగబడి కొన్నారు. ఆ రోజుల పేరు చెప్పి, అసలు పనికొచ్చే చోట దాన్ని అనుమానించడం నాకు బాధ కలిగిస్తుంది.

పురుగూ ఊరుకోలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, పదే పదే ఐవర్‌మెక్టిన్ తీసుకున్న ఇద్దరు రోగుల్లో మందుకు లొంగని పురుగులను 2004లో గుర్తించారు. యూరప్‌లో పర్మెత్రిన్ పూసినా తగ్గని గజ్జి గురించి ఇటీవల చర్మవైద్యులు తరచుగా చెబుతున్నారు, పురుగు జన్యువుల్లో మార్పులు కూడా కనిపించాయి. 1848లో నార్వే కుష్ఠు ఆసుపత్రుల్లో డానియెల్సెన్, బోయెక్ వర్ణించిన పెచ్చుల గజ్జిలో పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. అక్కడ పూతా మాత్రా వాదించుకోవు, రెండూ కలిసే నడవాలి, పెచ్చులను మెత్తబరిచే మలాముతో పాటు మాత్రలను రోజుల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

ఇన్ని వచ్చినా కొందరికి దారి ఇరుకే. 15 కిలోల లోపు పిల్లలకూ గర్భిణులకూ ఐవర్‌మెక్టిన్ సాధారణంగా ఇవ్వరు. రెండు నెలలు నిండని పసికందుకు పర్మెత్రిన్ కూడా సంశయమే. అలాంటి బిడ్డను ఒడిలో పెట్టుకుని వచ్చిన తల్లికి ఇవాళ్టి చర్మవైద్యుడు వ్యాజలీన్‌లో కలిపిన 5 నుంచి 10 శాతం గంధకపు మలాము రాసి, వరుసగా మూడు రాత్రులు పూయమని చెబుతాడు. మిగతా ఇంటివారికి మాత్రలు, బిడ్డకు మాత్రం పామారి.